ఒక్క గాటు

కళావతి సంచి సర్దుకుని నేరుగా సెలూన్‌కే వచ్చింది. సంచిలో రెండు లుంగీలు, దుప్పటి, స్టీలు గ్లాసు, మెడ ఎక్స్‌రేలు. అన్నిటికన్నా పైన ఆసుపత్రి చీటీ.

“పదకొండింటి లోపల పోకపోతే బెడ్డు ఇంకొకరికిస్తరంట. నడు.”

బాలనర్సింహ దువ్వెనలు తుడుస్తూనే ఉన్నాడు. మెడ తిప్పలేడు గనక భార్యను అద్దంలోంచే చూశాడు.

బేగంబజార్‌లో గిన్నెల దుకాణాల మధ్య ఒక్క కుర్చీ పట్టే సెలూన్ అది. ఆ కుర్చీ వెనక ముప్పై రెండేళ్లుగా మెడ వంచి నిలబడ్డాడు. ఆ మెడలోనే ఎముక ముల్లులా పెరిగి నరాన్ని నొక్కుతోందని డాక్టరు ఫిల్మును వెలుగుకి పట్టి చూపించాడు. మాత్రలు అయ్యాయి. మెడపట్టీ అయింది, గిరాకీలు చూస్తే భయపడతారని అది ఎక్కువ కాలం సొరుగులోనే ఉంది. తలకి బెల్టు కట్టి, బరువులు వేలాడదీసి మెడ సాగదీయడం అయింది. వ్యాయామాలు, చివరికి మెడలో సూది కూడా అయ్యాయి.

“నొప్పి ఒక్కటే అయితే ఇంకొన్నాళ్లు చూద్దాం అనేవాణ్ని. చేతిలో పట్టు తగ్గుతోంది. ఇక ఆపరేషనే. ఆలస్యం చేస్తే పోయిన స్పర్శ మళ్లీ రాకపోవచ్చు” అన్నాడు డాక్టరు.

ఆపరేషనంటే మూడు నెలలు కుర్చీ ఖాళీ. ఆ తర్వాతైనా పాత చెయ్యి వస్తుందని ఎవరూ రాసివ్వరు. చేయించుకోకపోతే ఉన్న చెయ్యి కూడా పోతుంది. ఎటు తిరిగినా గోడే. తిరగడానికి మెడ కూడా లేదు.

“నా చెయ్యికి ఏం కాలే” అన్నాడు.

“ఏం కాలేదా? పొద్దుగాల చాయ్ గ్లాసు ఇడిసింది ఎవరు? నేనా?”

“అది కాలుతుండె.”

“కాలేది నీకు తెలుస్తున్నదా?”

బాలనర్సింహ అద్దంలోంచి కూడా చూపు తప్పించాడు. కాసేపటికి దువ్వెన కింద పెట్టాడు.

“సేటు వచ్చే యాళ్లయింది. ఆయన గడ్డం గీస్త. ఒక్క గాటు పడ్డా కత్తి ఆడ్నే పెట్టి నీ ఎంబడి వస్త. పడకపోతే ఆ చీటీ చించెయ్యాలె. మల్ల ఆపరేషన్ మాట ఎత్తొద్దు.”

“ఒట్టా?”

“ఒట్టు.”

కళావతి సంచి ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంది. ఆమెకు ధైర్యంగానే ఉంది. పోయిన శుక్రవారం సేటు దవడ మీద రెండు గాట్లు పడ్డాయి. మరకలైన తువ్వాలు ఉతికింది ఆమే.

సోమశేఖర్ సేటుది ఎదురు దుకాణం. సోమవారం, శుక్రవారం తప్పకుండా గడ్డం గీయించుకుంటాడు. వస్తూనే అద్దం పైనున్న లైటు ఆర్పేశాడు.

“కండ్లల్ల కొడ్తున్నది నర్సింహా. ఏం చెల్లె, మొగునికి కావలున్నవా?”

“ఔ సేటు. ఇయ్యాల ఒక్కరోజే.”

“మంచిగ చూడు. ముప్పై ఏండ్ల సంది నా గొంతు మీద కత్తి పెడ్తుండు. అడిగెటోడు లేడు.”

గుడ్డ కడుతుంటే సేటు చెవి కింద సన్నటి గీత కనబడింది. ఎర్రగా, పచ్చిగా ఉంది.

“ఇదేంది సేటు?”

“మా మనవరాలు గీరింది. పిల్లనా, పిల్లినా తెలుస్తలేదు. దా, జల్ది సబ్బు పెట్టు. మాల్ బండి వస్తది.”

నురగ పెట్టేముందు వెంట్రుక ఎటు వాలిందో వేళ్లతో చూసుకోవడం బాలనర్సింహ అలవాటు. సేటు తెల్లటి మనిషి. గడ్డం కూడా తెల్లబడ్డాక కళ్లకన్నా వేళ్లకే బాగా తెలిసేది. ఇవాళా చెంప మీద వేళ్లు రాశాడు. వేళ్లు ఏమీ చెప్పలేదు. నాలుగు నెలలుగా అవి అతనితో మాట్లాడటం మానేశాయి.

నురగ పెట్టి కత్తి ఎత్తాడు. భుజం నుంచి చిటికెన వేలి దాకా చీమలు పాకాయి. బయట ఎవరో గిన్నెల మూట ధడాలున దించారు. చెయ్యి అదిరింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు.

ఒక చెంప అయింది. కత్తిని మగ్గులో ముంచి కడిగాడు. రెండో చెంప. దవడ మలుపు. పోయినసారి తెగింది అక్కడే. సేటు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కళావతి గడప మీంచి లేచి నిలబడింది.

కత్తి వెన్న మీద జారినట్టు జారింది. గడ్డం కింద, గొంతు మీద, ఎక్కడా తట్టుకోలేదు.

తడి తువ్వాలుతో ముఖమంతా అద్దాడు. తువ్వాలు మీద ఒక్క ఎర్రచుక్క లేదు.

సేటు చెంప నిమురుకున్నాడు. “మస్తు నున్నగ చేసినవ్. నువ్వుండంగ ఇంకో కుర్చీల కూసుంటనా నర్సింహా?” అద్దం వైపు చూడకుండానే లేచి, రోడ్డు దాటిపోయాడు.

కళావతి తువ్వాలు అందుకుని రెండు వైపులా తిప్పి చూసింది.

“నువ్వే గెలిచినవ్ తియ్” అంది చివరికి. సంచిలోంచి చీటీ తీసి రెండు చేతులతో పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఒట్టు ఒట్టే.

బాలనర్సింహ నవ్వాడు. నవ్వుతూనే కత్తి కడిగిన ఎర్ర ప్లాస్టిక్ మగ్గు తీసుకుని గుమ్మం బయట మోరీలోకి నీళ్లు వంపాడు. మగ్గు అడుగు చూసి అలాగే నిలబడిపోయాడు.

“చించకు” అన్నాడు. “పదకొండు కాలే గదా ఇంక?”

మూడు రోజుల గడ్డం గీస్తే బొంబాయి రవ్వలా అడుగున పేరుకోవాల్సిన తెల్ల వెంట్రుకలు మగ్గులో ఒక్కటీ లేవు. సేటు ఇంట్లో తన గడ్డం తానే గీసుకుని వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు.