గట్టి మాట

"ఈ మాట కుదరదు మేడమ్. మార్చండి."

కరస్పాండెంట్ గణేశ్వరరావు కాగితాన్ని ఎస్తర్ రాణి వైపు తోశాడు. నర్సీపట్నంలోని ఆ ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఏ ఉత్తరమైనా ఇంగ్లీషు టీచరు ఎస్తర్ రాణే రాయాలి. ఇవాళ రాయిస్తున్నది రాజీనామా. టైపు వద్దు, చేత్తోనే రాయమన్నాడు. పేరు దగ్గర ఖాళీ వదలమన్నాడు.

పేరు చెప్పకపోతే మాత్రం, ఎవరిదో ఆవిడకి తెలియదా! పోయిన వారం గేటు దగ్గర కునుకు తీస్తూ దొరికిపోయిన వాచ్‌మన్ సింగన్నదే. "పదిహేడేళ్ల సర్వీసు" అని రాయమన్నప్పుడే లెక్క కుదిరింది. సింగన్నా తనూ ఒకే జూన్‌లో చేరారు. పాపం, ఏం రాసినా వేలిముద్ర వేసేస్తాడు.

"ఈ 'ఆబ్లైజ్‌డ్' అంటే ఏటి?"

"మర్యాద మాటేనండీ."

"తప్పనిసరై మానేస్తన్నానని కూడా కాదేటి? రేపు లేబరాఫీసులో ఈ ముక్క పట్టుకుంటే నా పీక మీదకొస్తాది."

దొరికిపోయింది. ఆ ముక్క ఆవిడ కావాలనే పెట్టింది, సింగన్నకి ఒక్క దారైనా మిగలాలని.

"పోనీ 'విల్లింగ్లీ' అందామాండీ? ఇష్టపడి అని."

"అది గట్టిగుంటాదా?"

"ఏమోనండీ, తెలీదు," అంటూ ఎస్తర్ రాణి చూపు తిప్పుకుంది. కిటికీలోంచి చూస్తే బడిపిల్లల సైకిళ్లు వరసగా సర్దుతున్నాడు సింగన్న. పొద్దున్నే, "సారుతో ఓ మాట సెప్పండమ్మా, ఈ వయసులో నన్నెవులు పెట్టుకుంతారు?" అని బతిమాలాడు. చెప్తానంది.

"మీరే తెలీదంటే ఎలాగ మేడమ్? ఇంగ్లీషుకి ఇంకొకర్ని చూసుకోమంటారా?" నవ్వుతూనే అన్నాడు గణేశ్వరరావు.

ఎవరి సంసారం వాళ్లకుంది కదా. భయం పుడితే ఇంగ్లీషు ఎంత బాగా వచ్చేస్తుందో!

"'వాలంటరీలీ' అని రాద్దామండీ. ఎవరి బలవంతమూ లేకుండా, తనంతట తానే అని. ఆ మాట పడ్డాక లేబరాఫీసు కాదు, ఏ కోర్టుకెళ్లినా ఏమీ చెయ్యలేరు."

ఉత్తరమంతా కొత్త కాగితం మీద తిరగరాసింది. ఆ మాట దగ్గరికొచ్చేసరికి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా కొట్టెయ్యలేదు.

గణేశ్వరరావు రెండుసార్లు చదువుకున్నాడు. "మీ ఇంగ్లీషుకి తిరుగులేదు మేడమ్."

"సింగన్నని పిలవమంటారాండీ, వేలిముద్రకి?" తలెత్తకుండా అడిగింది.

"ఆడెందుకండీ? ఆడి పని ఆడు సేసుకుంతన్నాడు కదా." పెన్ను మూత తీసి ఆవిడ ముందు పెట్టాడు. "బేగి ఆ ఖాళీలో మీ పేరు రాసి సంతకం పెట్టెయ్యండి."