సంఘంలో లేని కాకి

ఒక అడవిలో కళలు నేర్పే బడి ఉండేది. అక్కడ అల్లిక నేర్చిన గిజిగాడిని, బయటికొచ్చి రెండేళ్లయినా, గూడు కట్టిపెట్టమని అడిగిన పిట్ట లేదు. వానలు పడేలోగా ఒక్కరైనా అడగకపోతే అల్లిక మానేసి, పిచ్చుకల వెంట కల్లాల్లో గింజలేరుకుని బతుకుదామనుకున్నాడు. అంతలో బడి పూర్వ విద్యార్థులు సంఘం పెడుతున్నారని తెలిసి ఆశగా వెళ్లాడు.

సభలో ప్రతివాళ్లూ తమ కళ చూపించాలని నియమం. అధ్యక్షపదవి తీసుకున్న నెమలి మధ్యాహ్నం దాకా ఆడింది. కోకిల సాయంత్రం దాకా పాడింది. ఒకరు ప్రదర్శిస్తుంటే మిగతావాళ్లు తమ వంతుకు సాధన చేసుకుంటున్నారు. గిజిగాడి వంతొచ్చేసరికి ఎదురుగా మిగిలింది, విందు మెతుకులు ఏరుకుంటున్న కాకి ఒక్కతే.

"నీకేం వచ్చురా అబ్బాయ్?" అంది కాకి.

"గూళ్లు అల్లుతానత్తా. కట్టించుకునేవాళ్లే లేరు."

కాకి తినడం ఆపేసింది. "ఏమే కోకిలా, ఇలా రా! ఏటేటా నా గూట్లో గుడ్లు పెట్టి పోతావే, మీ బడివాడే గూళ్లు అల్లుతాడట!"

"నాకు తెలీదు పిన్నీ," అని నసిగింది కోకిల. "మేం కళాకారులం. మాకేం కావాలో చెప్పుకోవడం నామోషీ కదా!"

"నా గూట్లో దొంగతనంగా దూరడం నామోషీ కాదూ?"

మర్నాడే గిజిగాడు కోకిల గూటికి మొదటి పోచ ముడేశాడు. సంఘం కాకికి కృతజ్ఞతలు తెలుపుతూ తీర్మానం చేసింది. బడిలో చదవలేదని సభ్యత్వం మాత్రం ఇవ్వలేదు. కాకి పట్టించుకోలేదు. ఆ ఏడు దాని గూట్లో దాని గుడ్లే ఉన్నాయి.