దారిచ్చిన బండి

నన్ను కోతలరాయుడంటారు గానీ, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు, ఒట్టు.

నొప్పులు పడుతున్న చెల్లెల్ని వెనక సీట్లో పడుకోబెట్టుకుని, ఒక కార్ల మెకానిక్ రాత్రివేళ ఆసుపత్రికి బయల్దేరాడు. రోడ్డంతా ఖాళీ. అయినా కారు తనంతట తానే నెమ్మదించింది. ముందు ఏదైనా బండి ఉందని బంపర్‌లోని రాడార్ పసిగడితే, తగినంత ఎడం ఉంచి దాని వెనకే నడవడం ఆ కారు గుణం. డ్యాష్‌బోర్డు తెరమీద ముందు బండి బొమ్మ వెలుగుతోంది. రోడ్డు మీద మాత్రం ఏ బండీ లేదు.

“ఇలాగైతే అన్నయ్యా, నా బిడ్డే పుట్టి, నడిచి, మనకంటే ముందు చేరుతుంది!”

“రాడార్ నేనే బిగించానమ్మా. వంకరగా పెట్టి చచ్చినట్టున్నాను.”

యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే కారు కుయ్యోమని అరిచి తనే బ్రేకు వేసుకుంది. ఏమీ తోచక, అలవాటు కొద్దీ లైట్లు రెండుసార్లు కొట్టి దారి అడిగాడు.

తెరమీది బొమ్మ మర్యాదగా పక్కకు తప్పుకుంది. కారు ఊపందుకుంది. అంతలో ఎడమ అద్దంలో పసుపు దీపం వెలిగింది. పక్కన బండి ఉంటేనే వెలిగే దీపం అది.

చెల్లెలు మూలుగు ఆపి చెవులు రిక్కించింది. “పక్కన ఎవరన్నయ్యా?”

“ఎవరూ లేరు. పడుకో.”

కాసేపటికి దారిలోనే ఆ దీపం ఆరిపోయింది. ఇద్దరూ ఆసుపత్రి చేరారు.

సరే, ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. మీకు నిద్ర పట్టాలని ఒక్కటి కల్పించాను. దీపం దారిలో ఆరలేదు. చెల్లెల్ని స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్లాకే ఆరింది.