సున్నా అన్న సీసా

సొరచేప నా బీడీకి నిప్పిచ్చిందని చెప్పి ఊళ్లో పరువు పోగొట్టుకున్నవాణ్ణి నేను. ఇప్పుడు లోకంలో ప్రతి పడవకూ ఒక సీసా ఉంది. తెల్లారగానే సముద్రంలో ముంచితే, నీళ్లలో ఎన్ని ప్లాస్టిక్ రేణువులున్నాయో పైకే చెబుతుంది. ఆ లెక్క అన్ని దేశాల శాస్త్రవేత్తలకూ చేరుతుంది; వాళ్ల మాటలూ అందులోంచే తెలుగులో వినిపిస్తాయి. నలభై ఏళ్లుగా మాది వేలల్లోనే. నిన్న మాత్రం "సున్నా" అంది.

"ఏటి బావా, నీ కోతలు సీసాకీ నేర్పినావా?" అన్నాడు నా బావమరిది నూకరాజు.

సీసాలోంచి జపాన్, చిలీ, నార్వే శాస్త్రవేత్తలూ, "తాతగారూ, మళ్లీ ముంచండి" అన్నారు. మూడుసార్లు ముంచాను. మూడుసార్లూ సున్నాయే. అవతల ఎవరో ఏడుస్తున్నారు, ఏ దేశమో తెలియలేదు.

నూకరాజు నీళ్లలో చెయ్యి పెట్టి, కాసిని అరచేతిలోకి తీసి చూశాడు. "ఊళ్లో ఏటని సెప్తావు బావా?"

"ఉన్నదే సెప్తాన్రా."

ఇంకేమీ కలపడానికి నాకు తోచలేదు.