ఆరో బజ్జీ

గరిటెలు కూడా లెక్క చెప్పే కాలం వచ్చాక, బజ్జీల బండి పెట్టాలన్నా ముందు వ్యాపార ప్రణాళికకు యంత్రం ఒప్పుకోవాలి. గున్నమ్మ పొద్దుటి నుంచి దాని ముందే కూర్చుంది. చీకటి పడేలోగా ఒప్పుకోకపోతే బస్టాండు మూల చోటు వేరేవాళ్లకు పోతుంది. మొగుడు పోయాక ఆమె ఆశంతా ఆ మూల మీదే.

"అన్నీ బాగున్నాయమ్మా, కొసరు తీసేయండి," అంది యంత్రం. "ప్లేటుకు ఆరు బజ్జీలు. ఏడోది ఊరికే ఇస్తే నష్టం."

"కొసరెయ్యకపోతే నా బండికాడికి ఎవులొస్తారు బాబూ?"

"గరిటె ఏడోది వేస్తే పొయ్యి ఆరిపోతుంది."

"ఒప్పేసుకోయే పిన్నీ, పొద్దు గూకిపోతంది," అని తోడొచ్చిన నీలవేణి చెవిలో పోరింది.

గున్నమ్మ సరేనందామని నోరు తెరిచి, ఆగింది.

"ఆరే ఏస్తాను. బండి బోర్డు మీద ప్లేటుకి ఎన్నని మాత్రం రాయకు. అయిదేసి ఆగుతాను. కొన్నోళ్లు నా మొకం చూస్తారు గదా, అప్పుడు ఆరోది కొసరేస్తాను."

యంత్రం లెక్క మళ్లీ వేసింది.

"లెక్కలో తేడా లేదు. మరి కొన్నవారికి ఏమిటి లాభం?"

"అది తిన్నోళ్లకి తెలుస్తాది గానీ, ముద్దరెయ్యి బాబూ."

వీధిదీపాలు వెలిగే వేళకు ముద్ర పడింది.