జుట్టులో దారప్పోగు

"నీ వీడియో చూసి ఇంకొకడు రాశాడే!" అంటూ అన్నయ్య కుట్టుమిషను దగ్గరికి స్టూలు లాక్కున్నాడు. పెళ్లి సంబంధాల యాప్‌లో చెల్లెలి వీడియోలు తీసి పెట్టేదీ, వచ్చిన జవాబులు చదివేదీ అతనే.

"ఏమన్నాడు?" బొత్తాం కుడుతూనే అడిగింది చెల్లెలు.

"'వీడియో తీసేవారు మీ జుట్టులో దారప్పోగు తియ్యబోతే తల దాచుకున్నారు. ఎందుకండీ అంత భయం?' అట. వీడికేం పనిలేదా!"

అయినా వీడియో మళ్లీ పెట్టి చూశాడు. నిజమే. తను చెయ్యి చాపగానే, కుడుతున్న బట్ట వదిలేసి రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుంది. తీస్తున్నప్పుడు అతని కంటికి ఆననే లేదు.

ఒళ్లు మండిపోయింది.

"విడాకులతో సరిపెట్టాం గానీ, ఆ వెధవ కాళ్లు విరగ్గొట్టాల్సింది! ఎంతలా కొట్టుంటే ఇంకా ఇలా ఉలిక్కిపడతావు!"

చెల్లెలు పంటితో దారం తెంపింది.

"ఆయన ఒక్కసారి కూడా నా మీద చెయ్యి చేసుకోలేదన్నయ్యా."

"మరెవరు?" అతను అరుస్తూ లేచాడు.

సూదితో సహా ఆమె చేతులు రెండూ తల మీదికి వెళ్లిపోయాయి.