కొయ్యబంతి

"ఇది బంతి కాదయ్యా," అంది భార్య.

లేతు మిషన్ మీద మొగుడు చెక్కిన కొయ్యబంతి బల్ల మీద అటూ ఇటూ ఊగి, మళ్లీ కణుపు మచ్చ ఉన్న వైపే పైకి తిరిగి ఆగింది.

అతనికి రోషం వచ్చింది. "ఎటు కొలిచినా ఒకటే వ్యాసం. నా చేతిలో వంకర పని ఎప్పుడైనా చూశావా?"

"గుండ్రంగానే ఉంది. కానీ గుండ్రటిదానికి పైవైపంటూ ఉంటుందా? ఎలా పెడితే అలా ఉండాలి. లోపల ఓ పక్కన బరువేదో ఉంది. ఎక్కడిదీ చెక్క?"

"కొన్నాను."

ఆమె మేకులు ఏరే అయస్కాంతం తెచ్చి బంతి అడుగున ఆనించింది. టక్కున అంటుకుంది.

అతను స్టూలు మీద కూలబడ్డాడు. "పాప పోయాక పెరట్లో చెట్టు కొట్టేసి, అంతా కాల్చేశానని చెప్పాను కదా. ఉయ్యాల కొక్కెం దిగబడిపోయిన ముక్క మాత్రం కాల్చడానికి చేతులు రాలేదు."

ఆమె అయస్కాంతం ఊడదీసింది. తర్వాత బంతిని అతని ముందుకు జరిపింది.

"ఊపు."

అతను తోశాడు. బంతి ముందుకూ వెనక్కీ ఊగింది. ఆమె చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"మెల్లగా. ఆ రోజూ ఇదే చెప్పాను, మెల్లగా ఊపమని."